మంచె ఎక్కడ వెయ్యాలి

ముత్తవ్వను అడిగి చూడండి. విల్లు పట్టినవాడిని ఎక్కడ నిలబెట్టాలో తెలిసిన మనిషి జగిత్యాలలో ఒక్కడూ లేడంటుంది. కోరుట్లలో అసలే లేడంటుంది. సిరిసిల్లలో ఒక్కడున్నాడు, వాడు తన కొడుకు దేవదాసు, వాడికీ సగమే తెలుసంటుంది. ఇంతా చేసి ఆమె జన్మలో విల్లు ముట్టుకున్నది లేదు, కంప్యూటర్ మీద వేలు పెట్టింది లేదు. వయసు అరవై ఎనిమిది. కోనరావుపేటలో జానెడు భూమి లేని ఇంట్లో పుట్టి, జానెడు భూమి లేని ఇంటికే కోడలుగా పోయింది. కానీ పదమూడో ఏట మంచె ఎక్కి, ముప్పై మూడేళ్ళు పరాయివాళ్ళ జొన్నచేలను వడిసెలతో కాచింది. నార తాడు మడతలో గులకరాయి పెట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పి ఒక కొస వదిలేస్తే, రాయి రెండు చేల అవతల వాలిన చిలుకల గుంపును లేపేది. అలాంటి మనిషికి, కుర్చీలో కూర్చుని దండులు నడిపే మగవాళ్ళను చూస్తే నవ్వు కూడా రాదు, చీదరే వస్తుంది.

దేవదాసుది సిరిసిల్లలో మోటారు వైండింగ్ దుకాణం. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచినన్నాళ్ళూ ఏదో ఒక మోటారు కాలుతూనే ఉంటుంది, అతనికి చేతినిండా పనే. అమావాస్య నాడు మాత్రం సాలెవాడల్లో సాంచాలు ఆపేస్తారు. ఆ రోజు దేవదాసు దుకాణం షట్టర్ సగం దించి, పాత కంప్యూటర్ ముందు కూర్చుని యుద్ధాల ఆట ఆడతాడు. పాతకాలపు రాజుల దండులు, ఈటెలవాళ్ళు, గుర్రాలవాళ్ళు, విల్లుకాండ్లు. నలభై ఏళ్ళ మనిషికి ఇదేం పిచ్చి అని కోడలు శ్రీలత విసుక్కుంటుంది. ముత్తవ్వ కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న మొదటి ఏడాది, ఒక అమావాస్య నాడు సద్దిగిన్నె పట్టుకుని దుకాణానికి వచ్చి, అతని వెనక నిలబడి చూసింది.

"గీళ్ళెవల్రా?"

"విల్లుకాండ్లవ్వా. దూరం నుంచి కొట్టేటోళ్ళు."

"దూరం నుంచి కొట్టేటోళ్ళను గుర్రాలకెదురుంగ నిలవెట్టినవేంది? సుట్టాలస్తున్నరని ఎదురుకోను పంపినవా?"

"ముందట ఉంటేనే మంచిగ కొడ్తరవ్వా."

"కొడ్తరు. ఒక్కపారి కొడ్తరు. రెండోపారి ఎవలు కొడ్తరు, మీ అయ్యా?"

దేవదాసు తండ్రి పోయి పదిహేనేళ్ళు. జవాబు చెప్పేలోగా తెరమీద గుర్రాలు వచ్చి విల్లుకాండ్ల వరుసను తొక్కి అవతలికి పోయాయి. నూట ఇరవై మంది అరనిమిషంలో నేలమట్టం. ముత్తవ్వ సద్దిగిన్నెను బల్ల మీద ఠప్పున పెట్టింది.

"గాళ్ళు సచ్చినందుకు గాదు నాకు కోపం. గాళ్ళను గాడ నిలవెట్టినోడు సల్లగ కూసొని మల్ల మొదలువెడ్తుండు సూడు, గందుకు."

ఆ రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టింది. చెప్పడమంటే నెమ్మదిగా కాదు, తిట్టి చెప్పడం. చేలో మెరక ఎక్కడుందో ముందు చూడమంది. మెరక మీద ఉన్నవాడి రాయి తనవాళ్ళ తలల మీదుగా పోయి పడుతుంది, సాపు నేల మీద ఉన్నవాడి రాయి తనవాళ్ళ వీపులకే తగులుతుంది. పొద్దు కళ్ళలో పడకూడదు. మంచె కింద ముళ్ళకంప ఉండాలి, లేకపోతే అడవిపంది నేరుగా వచ్చి కాళ్ళు కొరుకుతుంది. పిట్టలకు ఎదురుగా నిలబడితే లేచి నీ నెత్తిమీదుగా వెనక్కి వచ్చి వాలతాయి, పక్కనుంచి కొడితే గుంపు గుంపంతా చేను విడిచిపోతుంది. దిగి పారిపోవడానికి వెనక ఒక దారి ఉంచుకోవాలి, ఎందుకంటే వడిసెల పట్టినవాడికి కత్తి తిప్పడం రాదు. దేవదాసు మొదట నవ్వాడు. తర్వాత అవ్వ చెప్పినట్టు ఒక ఆట ఆడి గెలిచాడు. పది ఆటలు గెలిచాక నవ్వడం మానేసి, కుర్చీ పక్కన ఆమెకొక స్టూలు వేశాడు. ఆటలో అందరూ పనికిరాదని వదిలేసే దళం ఒకటుంది, వడిసెలవాళ్ళది. చౌక బట్టలు, కాళ్ళకు చెప్పులు కూడా ఉండవు. దేవదాసు వాళ్ళనే తీసుకోవడం మొదలుపెట్టాడు. "గిప్పుడు జెర మనుషుల తీర్గ ఆడుతున్నవ్" అంది ముత్తవ్వ. అంతకంటే పెద్ద మెప్పు ఆమె నోట ఇంతవరకు ఎవరూ వినలేదు.

ఆ మూడు ఊళ్ళ ఆటగాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపుంది. ఆదివారం చర్చి అయిపోగానే దేవదాసు వాళ్ళతో ఆడేవాడు, ముత్తవ్వ చూసేది. చూసి చూసి ఊరికొక తిట్టు తయారుచేసి పెట్టుకుంది. జగిత్యాలవాళ్ళు పుట్టిన్నాటి నుంచి కోటను చూస్తూ పెరిగారు కదా, గోడ లేకపోతే విల్లుకాడికి చేతులాడవనుకుంటారు, నట్టనడి మైదానంలో కూడా ఒక మొండిగోడ వెతికి దాని వెనక దాస్తారు, అక్కడినుంచి వాళ్ళకు కనిపించేది ఆ గోడే. కోరుట్లవాళ్ళకు గల్ఫ్ నుంచి వచ్చిన లాప్‌టాప్‌లున్నాయి, ధగధగలాడే దండు ఉంటుంది, దానికి గీత పడుతుందేమోనని యుద్ధానికి అర కోసు దూరంలో నిలబెట్టుకుంటారు. ఇక సిరిసిల్లవాళ్ళకు సాంచాల షెడ్డు తప్ప ఇంకో కొలత తెలియదు, విల్లుకాండ్లను కూడా వరుసగా, సందు లేకుండా, గోడకు గోడ ఆనించినట్టు పెడతారు, వెనక్కి రావాలంటే ఒకడి కాలు ఒకడు తొక్కుకోవాలి. "గీళ్ళకు భూములెవలిచ్చిండ్రు, దండులెవలిచ్చిండ్రు?" అనేది ముత్తవ్వ. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుండేది.

మొన్న ఎండాకాలంలో జగిత్యాలలో పోటీ పెడుతున్నారని దేవదాసు చెప్పినప్పుడు, ఆమె తమలపాకు నములుతూ ఊ కొట్టింది.

"ఫైనల్ దాక పోతే ఎదురుంగ ఎవలుంటరో ఎరికేనా అవ్వా? మన పటేలోళ్ళ ప్రేమ్‌సాగర్. గిప్పుడు జగిత్యాలల ఉంటుండు, మస్తు ఆడుతడంట."

ముత్తవ్వ నమలడం ఆపింది.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. పెద్ద పటేలు జొన్నచేనుకు ముత్తవ్వే కావలి. మంచె ఎప్పుడూ ఉత్తరం మూల మెరక మీద ఉండేది. ఆ ఏడు చదువు ముగించుకుని వచ్చిన కొడుకు ప్రేమ్‌సాగర్‌కు వ్యవసాయం బాగుచేయాలని బుద్ధి పుట్టింది. బాగుచేయడమంటే ఏమిటో తెలియదు గనక మంచెను జరిపాడు. పడమటి గట్టున, దారి పక్కన, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడేటట్టు, రంగు వేసిన కట్టెలతో. జీతగాడు దశరథం గుంతలు తవ్వుతుంటే ముత్తవ్వ దగ్గరికి పోయి చెప్పింది. "ఈడ వద్దు పటేలా. పొద్దుమీకి సూరీడు కండ్లల్ల వడ్తడు. పిట్టలు దారి అవుతల చింతల నుంచి వస్తయి, రాయి దారి మీదికెళ్ళి పోవాలె. ఎవలకన్న తాకుతది." ప్రేమ్‌సాగర్ అద్దాలు తుడుచుకుంటూ చెప్పిన జవాబు ఆమెకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "విసురుడు నీ పని. నిలవెట్టుడు నా పని."

తొమ్మిదో రోజు సాయంత్రం, పెద్ద పటేలు కొత్త వియ్యంకుడు జీపులో వస్తున్నాడు. మంచె మీద ముత్తవ్వకు ఎదురుగా పొద్దు, మలుపులో నిలువెత్తు జొన్న. చింతచెట్ల మీదినుంచి చిలుకల గుంపు లేచింది. ముత్తవ్వ వడిసెల విసిరింది. జీపు ముందరి అద్దం పగిలింది. మనుషులకు గీత కూడా పడలేదు, కానీ వియ్యంకుడికి అవమానమైంది. మంచె జాగ గురించి ఎవరూ మాట్లాడలేదు. ముత్తవ్వ గురి తప్పిందన్నారు. పటేలు ఇంటి గడిలో అందరి ముందు ఆమె వడిసెలను కొడవలితో మూడు ముక్కలు కోయించారు. ఆమె చెప్పబోతే పెద్ద పటేలు చెయ్యి ఎత్తాడు. ప్రేమ్‌సాగర్ పక్కనే ఉన్నాడు, నోరు విప్పలేదు. మరునాడు బావి దగ్గర దశరథం "గురి తప్పిన ముత్తవ్వ" అన్నాడు, నలుగురు నవ్వారు, పేరు అంటుకుంది. తర్వాత ఆ ఊళ్ళో ఎవరూ ఆమెను కావలికి పిలవలేదు. కలుపులు తీసింది, నాట్లు వేసింది, వంగి వంగి నడుము పోయింది. భర్త చనిపోయిన నాడు కూడా ఎవరో వాకిట్లో "గురి తప్పిన ముత్తవ్వ మొగడు పోయిండట" అనడం ఆమె విన్నది.

అందుకే ఆమె జగిత్యాల బయలుదేరింది. కప్పు కోసం కాదు, కొడుకు గెలుపు కోసం కూడా కాదు. "జాగ తప్పు, గురి తప్పు గాదు అని గాని నోటి తోటి ఇనాలె" అని బస్సులో దేవదాసుతో ఒకే ఒక్కసారి చెప్పింది. దేవదాసుకు వివరం అక్కరలేదు. ఆ పేరుతో పిలిపించుకున్న మనిషి కొడుకుగా అతనూ ఆ ఊళ్ళో ఏళ్ళు గడిపాడు.

పోటీ ఒక ఫంక్షన్ హాల్లో. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే వేదిక మీద రెండు కంప్యూటర్లు, వెనక పెద్ద తెర. మైకు పట్టుకుని విజయ్ అనే కుర్రవాడు అన్నీ వివరించి చెబుతున్నాడు. దేవదాసు పొద్దున జగిత్యాలవాడిని ఓడించాడు, వాడు గోడ వెనకే చచ్చాడు. మధ్యాహ్నం కోరుట్లవాడిని ఓడించాడు, వాడి దండు యుద్ధం అయిపోయేదాకా యుద్ధంలోకే రాలేదు. ఫైనల్‌కు ప్రేమ్‌సాగర్ వచ్చాడు. పొట్ట వచ్చింది, జుట్టుకు రంగు వేశాడు, అద్దాలు మాత్రం అలాగే తుడుచుకుంటున్నాడు. కారు తాళాలు వేలికి తగిలించుకుని దశరథం వెనకాలే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇప్పటికీ పటేలు భూములు చూసేది అతనే, కారు నడిపేదీ అతనే.

"అమ్మను తోలుకొచ్చుకున్నవా దేవదాసూ? మంచిగుంది" అని నవ్వాడు ప్రేమ్‌సాగర్. ఆమె ఎవరో పోల్చుకోలేదు. ముత్తవ్వ కొంగు భుజం మీదికి లాక్కుని కొడుకు పక్కన కూర్చుంది.

తెర మీద ఒక మైదానం కనబడింది. ఎడమవైపు పొదలున్న గుట్ట, నడుమ ఒక దారి, ఆ దారి మలుపులో చెట్ల తోపు. ప్రేమ్‌సాగర్ తన విల్లుకాండ్లను బయటికి తీశాడు. ఎర్ర టోపీలు, నిలువెత్తు విల్లులు, ఆటలో అంతకంటే మేలైన దళం లేదు. తీసి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, సాపు నేల మీద, దారి పొడుగునా వరుసగా నిలబెట్టాడు.

ముత్తవ్వ ముందుకు వంగి చూసింది. ఇరవై రెండేళ్ళల్లో ఈ మనిషి ఒక్క అడుగు కూడా నేర్చుకోలేదు! భూమి పెరిగింది, ఇల్లు పెరిగింది, పొట్ట పెరిగింది, బుర్ర మాత్రం ఆ గట్టు మీదే, ఆ దారి పక్కనే కూర్చుని ఉంది. దండు గెలుస్తుందా లేదా వాడికి అక్కరలేదు, పోయేవాళ్ళకు కనబడాలి. థూ అనుకుంది ఆమె, నోట్లోనే.

దేవదాసు వడిసెలవాళ్ళను గుట్ట మీద, పొదల వెనక పెట్టాడు. వాళ్ళకు దిగువన ఈటెలవాళ్ళను నిలబెట్టాడు. సగం మందిని తోపు దగ్గరికి పంపుదామని మౌస్ కదిలించాడు. ముత్తవ్వ అతని మోచెయ్యి గిల్లింది. అతను మౌస్ వెనక్కి తెచ్చాడు.

ప్రేమ్‌సాగర్ తన గుర్రాలను, వాటితో పాటు సేనాపతిని, తోపు వెనకనుంచి తిప్పి గుట్ట మీదికి తోలాడు. గుర్రాలు పొదల్లో చిక్కుకున్నాయి, ఈటెలు ఎదురయ్యాయి, పైనుంచి రాళ్ళ వాన మొదలైంది. చెప్పులు కూడా లేని ఆ వడిసెలవాళ్ళు తమవాళ్ళ తలల మీదుగా విసురుతున్నారు, ఒక్క రాయి తమవాళ్ళ మీద పడటం లేదు. గుర్రాలు వెనక్కి తిరిగాయి. పారిపోవడానికి ఉన్నది ఒకటే దారి. సేనాపతి ముందు, వెంటబడి దేవదాసు మనుషులు వెనక, అందరూ కలిసి ఎర్ర టోపీల వైపు పరుగెత్తారు. ఎర్ర టోపీలకు ప్రేమ్‌సాగర్ ఎప్పుడో హుకుం ఇచ్చి మరిచిపోయాడు, శత్రువు కనబడితే కొట్టమని. శత్రువు కనబడ్డాడు. వాళ్ళు కొట్టారు. బాణాలన్నీ ముందు వస్తున్న సొంత గుర్రాల మీద పడ్డాయి. సేనాపతి దారి నడుమ కూలాడు, జెండా పడింది, మిగిలిన దండు చెల్లాచెదురైంది.

"గురి లేదు బద్మాష్‌గాళ్ళకు!" అని ప్రేమ్‌సాగర్ బల్ల మీద గుద్దాడు. "గింత పెద్ద దళం తీసుకుంటే ఒక్కనికన్న గురి ఉండద్దా?"

విజయ్ ఆ ముక్కను తెరమీద మళ్ళీ నెమ్మదిగా వేసి చూపించాడు. "సార్, వాళ్ళ గురి మంచిగనే ఉంది. సాపు నేల, దారి పక్కన, ముందట మన గుర్రాలే. గాడ నిలవెడితే ఎవలైనా గంతే సార్."

హాలంతా నవ్వింది. ప్రేమ్‌సాగర్ కూడా నవ్వేశాడు. రెండు చేతులూ ఎత్తి, "ఒప్పుకుంటున్న, ఒప్పుకుంటున్న. జాగ తప్పు, నిలవెట్టిన నాది తప్పు. పాపం గాళ్ళదేం లేదు" అన్నాడు.

అదే మాట. ఏ మాట కోసం ఆమె వచ్చిందో అదే మాట, ఏ అడ్డమూ లేకుండా, నవ్వుతూ, అరనిమిషంలో. ఎవరికి? తెర మీది బొమ్మలకు! నెత్తురు లేనివాళ్ళకు, కడుపు లేనివాళ్ళకు, మొగుడి శవం ముందు కూర్చుని ఆ పేరు విననివాళ్ళకు. ముత్తవ్వ లేచి అతని ముందుకు పోయింది.

"గా మాట నాక్కూడ చెప్పు పటేలా."

"ఏం మాటవ్వా? నువ్వెవలు?"

"ముత్తవ్వను. కోనరావుపేట. నువ్వు దారి పక్కన మంచె ఏయించినవ్. వద్దన్న. ఇనలే. వియ్యంకుని జీపు అద్దం పల్గింది. గురి తప్పిందని నా వడిసెల కోయించిండ్రు."

ప్రేమ్‌సాగర్ కళ్ళు చిన్నవి చేసి ఆలోచించాడు. అద్దాలు తీసి తుడిచాడు. "అద్దం పల్గింది యాదికున్నది. మంచె ఏడుండెనో ఎవనికెరుక? ఊకో అవ్వా, పాత ముచ్చట."

"నాకెరుక పటేలా."

తలుపు దగ్గరినుంచి దశరథం. తాళాలు వేలికి ఊగుతున్నాయి. "గుంతలు తవ్వింది నేనే. గీమె వద్దన్నది, రాయి దారి మీద పోతదన్నది. విసురుడు నీ పని, నిలవెట్టుడు నా పని అని మీరన్నరు. నేను ఇన్న."

విజయ్ మైకు కిందికి దించాడు. ప్రేమ్‌సాగర్ ఫోను తీసి చూసుకుంటూ, "అయితే గట్లనే కావచ్చు" అన్నాడు. అని, ఫొటో కోసం పిలుస్తున్నవాళ్ళ వైపు నడిచాడు. ఇరవై రెండేళ్ళకు ముత్తవ్వకు దొరికింది ఆ మూడు ముక్కలు. ఆమె అతని వీపును చూసింది. ఇన్నేళ్ళు తాను మనసులో మోసింది ఇంత చిన్న మనిషినా అనిపించి, సిగ్గేసింది, అతని మీద కాదు, తన మీదనే.

బయట మెట్ల మీద దశరథం ఆమెను అందుకున్నాడు. ముఖం వెలిగిపోతోంది, ఏదో గొప్ప పని చేసి వచ్చినవాడిలా.

"చెప్పిన గదనే అక్కా."

"గీ మాటకు నీకు ఇరవై రెండేండ్లు పట్టిందా?"

"జీతగాన్ని. గాళ్ళ ముందట ఏం నోరు లేస్తది?"

"గాళ్ళ ముందట లేవకపాయె. బాయి కాడ ఎట్ల లేసింది? గా పేరు వెట్టింది పటేలా, నువ్వా?"

దశరథం తాళాలను గుప్పిట్లో మూసుకున్నాడు. దేవదాసు కప్పు పట్టుకుని వచ్చి, ఇద్దరినీ చూసి, దూరంగా ఆగాడు.

"ఈడ చెప్తే ఏం ఫాయిద?" అంది ముత్తవ్వ. "ఈళ్ళకు నేనెవలు? మనూర్లె చెప్పాలె. రేపు పొద్దుగాల."

"చెప్తనే అక్కా. హోటల్ కాడ నలుగురుంటరు, గాడ నిలవడి చెప్త."

"నీ మొకం! హోటల్ కాడ గిన్నెల సప్పుడుల ఎవనికినవడ్తది? స్కూలు గోడ పక్క మెరకున్నది సూడు, గాడ నిలవడు. పొద్దు కండ్లల్ల వడకుంట ఉత్తరం మొకాన తిరుగు. గాలి నీ ఎన్కకెళ్ళి ఉండాలె. బస్సు ఆగినంక చెప్పు, ఆగక ముందు గాదు. ముత్తవ్వ గురి తప్పలే, మంచె జాగ తప్పింది అని మూడుపార్లు చెప్పు. గట్టిగ ఒర్రు, గొంతు తగ్గియ్యకు."

దశరథం బుర్ర ఊపాడు. తర్వాత సందేహంగా అడిగాడు. "గంత ఖచ్చితంగ గాడనే నిలవడాల్నా?"

ముత్తవ్వ కొంగు దులుపుకుని బస్టాండు వైపు తిరిగింది.

"ఒర్రుడు నీ పని దశరథం. నిలవెట్టుడు నా పని."